మబేలా క్లాసులో చీపురు పాఠం

పరాయి భాష నేర్పే ఉద్యోగాల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేసి సలహా అడుగుతుంటారు. అక్షరాలు గుర్తుండాలంటే ఏం చేయాలి, వెనుక బెంచీ వాళ్ళ చేత నోరు ఎలా విప్పించాలి అని. అవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి, నన్నడగడం దండగ. నేను చెప్పగలిగింది వేరే ఉంది. ఒమాన్‌లో జపాన్ భాష నేర్పిన రోజుల్లో, తమ గది తామే ఊడ్చుకోవడం విద్యార్థులకు నేర్పబోయి ఒక మనిషి కొలువుకే ఎసరు పెట్టాం. అందులో చెడ్డవాళ్ళెవరూ లేరు. అందరం మంచి పనే చేస్తున్నామని అనుకున్నాం, ఫొటోలు కూడా తీసుకున్నాం.

నేను ఆ భాష నేర్చుకున్నది గొప్ప ఆశయంతో ఏం కాదు. హైదరాబాదులో డిగ్రీ అయ్యాక, టైపు నేర్చుకోమని మా నాన్న పోరుతుంటే ఆ టైపు తప్పించుకోవడానికి పక్క వీధిలో జరిగే జపాన్ భాష తరగతిలో చేరాను. మొండిదాన్ని కాబట్టి మధ్యలో వదల్లేదు. తర్వాత పెళ్ళి, మావారి ఉద్యోగం వెంట మస్కట్. అక్కడ చాలా ఏళ్ళు ఆ భాషతో నాకు పనే పడలేదు. వంటింట్లో మరిచిపోకుండా నాలో నేనే మాట్లాడుకునేదాన్ని. అలాంటప్పుడు, జపాన్ ప్రభుత్వం తన ఖర్చుతో మస్కట్ శివార్లలోని మబేలాలో ఒక తరగతి పెడుతోందనీ, స్థానికంగా ఉండే సహాయ ఉపాధ్యాయురాలు కావాలనీ తెలిసింది. వెళ్ళి అడిగాను, ఇచ్చారు. రిటైరయ్యే వరకు వాళ్ళ దగ్గరే పనిచేశాను.

మబేలా తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. టైర్ల దుకాణాలు, టీ కొట్లు, కట్టడాల సైట్ల నుంచి కూలీలను తెచ్చి దింపే బస్సులు. ఒక ప్రైవేటు శిక్షణ సంస్థ భవనంలో పై అంతస్తు మాకు అద్దెకు ఇచ్చారు. కింద కంప్యూటర్ క్లాసులు జరిగేవి. మా విద్యార్థుల్లో ఎక్కువమంది ఒమానీ యువతీ యువకులు. ఎక్కడో దూరాన ఉన్న సమాయిల్ నుంచి, బహ్లా నుంచి కూడా కారేసుకుని వచ్చేవాళ్ళు. బహ్లా నుంచి వచ్చే ఒక యువకుడు ఉండేవాడు. తమ ఊరి కోట చూడ్డానికి వచ్చే జపాన్ యాత్రికులకు గైడుగా ఉండాలని అతని కోరిక. క్లాసుకు ఒక్కరోజు కూడా ఆలస్యంగా రాలేదు. పక్క వీధిలో ఉండేవాళ్ళు మాత్రం రోజూ రౌండబౌట్ దగ్గర ట్రాఫిక్ అని చెప్పేవాళ్ళు.

అసలు టీచరును జపాన్ నుంచి పంపేవారు. నేను చెబుతున్న కాలంలో వచ్చినావిడ నలభై దాటిన మనిషి. సన్నటి గొంతు, దానికి ఏమాత్రం పొంతన లేని పట్టుదల. అందరం ఆమెను సెన్సెయ్ అనేవాళ్ళం, అంటే టీచరుగారు. భాషతో పాటు సంస్కృతి కూడా నేర్పాలన్నది మా కార్యక్రమం షరతు. సంస్కృతి అంటే అంతకు ముందు వరకు కాగితం కొంగలు. ఎవరొచ్చినా కొంగలు మడతపెట్టించడమే. వాటిని చూస్తే నాకు ఒళ్ళు మండేది. మా ఇంట్లో ఫ్రిజ్ మీద కొంగ, కారులో కొంగ, ఆఖరికి మావారి బీపీ మందుల డబ్బాలో కూడా ఒకటి బయటపడింది. సెన్సెయ్‌కి కూడా అవంటే విసుగే అని తెలిసిన రోజు నాకు ఆమె మీద ప్రేమ పుట్టింది.

"కొంగ చేసి ఇంటికి పట్టుకెళ్తారు, మర్చిపోతారు. చిన్నప్పుడు మా బడిలో మేం రోజూ చేసిన పని ఏదైనా వీళ్ళ చేత చేయించాలి" అంది ఒకరోజు.

అలా మొదలైంది సోజి. సోజి అంటే శుభ్రం చేయడం. జపాన్ బళ్ళలో పాఠాలయ్యాక పిల్లలే చీపుర్లు, గుడ్డలు పట్టుకుని తమ తరగతి గదిని శుభ్రం చేసుకుంటారు. టీచరు కూడా వాళ్ళతో పాటే వంగుతుంది. మనది అనుకున్న చోటును మనమే చూసుకోవాలన్నది అందులోని పాఠం. వేసవి సెలవులయ్యాక మా క్లాసులో కూడా పెట్టాం.

మొదటి రోజు సెన్సెయ్ చీపురు తీసి బహ్లా యువకుడి చేతికిచ్చింది. కాళ్ళ దాకా వేలాడే తెల్లటి ఇస్త్రీ దిష్‌దాషాలో ఉన్న అతను దాన్ని ఏ వైపు పట్టుకోవాలో తెలియక నిలబడితే, వెనకాల నల్లటి పొడుగు అబాయాల వరసలో అమ్మాయిలు పడీ పడీ నవ్వారు. సరిగ్గా అప్పుడే భవనం శుభ్రం చేసే మనిషి బకెట్‌తో పైకి వచ్చాడు. జగిత్యాల వైపు వాడు. పనివాళ్ళను అద్దెకు పంపే సప్లై కంపెనీ తరఫున కొన్నేళ్ళుగా ఆ భవనంలోనే డ్యూటీ. లోపల దృశ్యం చూసి బకెట్ అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చాడు.

"అరే ఆగుండ్రి, ఆగుండ్రి! మీరెందుకు సార్? నేనున్న గద!" అంటూ తెలుగులోనే మొదలుపెట్టి, మధ్యలో గుర్తొచ్చి హిందీలోకి మారాడు. చీపురు లాక్కోబోతే సెన్సెయ్ అడ్డం వచ్చి, ఒక కొస పట్టుకుని, వంగి నమస్కారం పెట్టింది, చీపురు మాత్రం వదల్లేదు. ఆయన కూడా వంగాడు కానీ రెండో కొస వదల్లేదు. ఇద్దరూ మర్యాద తప్పకుండా ఒకే చీపురును చెరో వైపుకు లాగుతుంటే క్లాసంతా గోల.

నేను కలగజేసుకుని తెలుగులో మాట్లాడేసరికి ఆయన మొహం విప్పారింది, వెంటనే ముడుచుకుంది.

"మీరు తెలుగోల్లా మేడమ్? నా పనిల ఏమన్న తప్పు గనవడ్డదా? ఉంటె చెప్పుండ్రి, మల్ల జేస్త. గని గీ పిల్లలతోని ఊడిపియ్యకుండ్రి."

"నీ పనికి వంకేం లేదు తమ్ముడూ. వాళ్ళ దేశంలో బడి పిల్లలే గది ఊడ్చుకుంటారట. ఇది పాఠం" అన్నాను.

"పాఠమైతె బుక్కుల ఉండాలె గదక్కా, నా చీపురుల ఎందుకున్నది?"

ఆ మాటను ఉన్నదున్నట్టు సెన్సెయ్‌కి జపాన్ భాషలో చెప్పాను. ఆమె మనసారా నవ్వి, మంచి ప్రశ్న అంది.

ఆ తర్వాత కొన్ని వారాలు నడిచిన యుద్ధం నేను జీవితంలో మరెక్కడా చూడలేదు. మేం క్లాసుకు వెళ్ళేసరికి గది తళతళలాడుతూ, ఫినాయిల్ వాసన కొడుతూ ఉండేది. కిటికీ పట్టాల్లో ఇసుక కూడా లేకుండా తీసేసేవాడు. పాఠమయ్యాక విద్యార్థులు చీపుర్లు పట్టుకుంటే ఊడ్చడానికి ఏమీ దొరికేది కాదు. సెన్సెయ్ మోకాళ్ళ మీద కూర్చుని బల్లల కింద దుమ్ము కోసం వెతికేది. చివరికి విసిగి, ఒకరోజు అక్షరాలన్నీ పెన్సిల్‌తో రాయించి, రబ్బరుతో చెరిపించి, ఆ పొడి కిందికి రాల్చమంది. ఒక జపాన్ టీచరు నేల మీద చెత్త వేయమనడం నేను విన్నది అదొక్కసారే. టీ విరామంలో మేమంతా బయటికి వెళ్ళి వచ్చేలోపు ఆయన దాన్ని కూడా ఊడ్చేశాడు.

ఇంట్లో చెబితే మావారు పొట్ట పట్టుకుని నవ్వారు. "మీ క్లాసులో నన్ను మాత్రం చేర్చకు తల్లీ" అన్నారు, తిన్న కంచం అక్కడే వదిలేసి లేస్తూ.

ఇక లాభం లేదని సెన్సెయ్ నా ద్వారా ఆయనకు చెప్పించింది. క్లాసు ఉన్న రోజుల్లో పైకి రావద్దు, ఆ అంతస్తు మాకు వదిలేయండి అని. "సరే అక్కా" అని తల ఊపి మెట్లు దిగిపోయాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. మాటపడ్డానని చిన్నబుచ్చుకున్నాడేమో, నాలుగు రోజులు పోతే సర్దుకుంటాడనుకున్నాను.

మా పాఠం మాత్రం జోరుగా సాగింది. బల్లలు ఒక పక్కకు లాగడం, గుడ్డ పిండడం, మూల నుంచి తలుపు వైపుకు ఊడ్చడం అన్నీ వాళ్ళకు వచ్చేశాయి. పని చేస్తూ జపాన్ మాటలు మాట్లాడుకునేవాళ్ళు. బెంచీల మీద కూర్చున్నప్పుడు రాని మాటలు చీపురు పట్టుకుంటే వచ్చేవి. బహ్లా యువకుడి తల్లి ఒకరోజు నాకు ఫోన్ చేసింది. ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు కూడా ఎత్తని కొడుకు శుక్రవారం పూట హాలంతా ఊడ్చాడట. "ఒంట్లో బాగానే ఉందా వీడికి? నాకు భయమేసింది" అని అడిగింది. ఆ సంగతి సెన్సెయ్‌కి చెబితే ఆ వారమంతా ఆమె నేల మీద నడవలేదు.

ఫొటోలు జపాన్ వెళ్ళాయి. అక్కడి అధికారులకు తెగ నచ్చింది. ఇలాంటి పని వాళ్ళ తరగతులున్న మిగతా దేశాల్లో ఎక్కడా జరగలేదట. మా క్లాసును ఇంకొన్నేళ్ళు పొడిగించాలా వద్దా అన్నది అప్పుడే తేలాల్సి ఉంది. ఒక పెద్ద అధికారి స్వయంగా వచ్చి చూస్తానన్నాడు. భవనం యజమాని, అక్కడి మాటలో అర్బాబ్, పెద్దాయన, తానూ వచ్చి చూస్తానని కబురు పెట్టాడు.

ఆ సంబరంలో ఉండగా శిక్షణ సంస్థ మేనేజర్ నన్ను గదిలోకి పిలిచాడు. హైదరాబాద్ పాతబస్తీ మనిషి. రంజాన్‌లో గుర్తుపెట్టుకుని నాకు శాకాహారం వేరుగా వండించి పంపేవాడు. అయితే ఎక్కడైనా ఖర్చు తగ్గే దారి కనబడితే మాత్రం ఆయన కాళ్ళు ఆగవు.

"మేడమ్, ఆప్‌కే బచ్చే తో కమాల్ కర్ దియే!" అన్నాడు, మీ పిల్లలు అద్భుతం చేశారని. "ఊపర్ బచ్చేఇచ్ సాఫ్ కర్ లేరే, ఫిర్ ఆద్మీ కాయ్కు? పైన పిల్లలే ఊడుస్తున్నరు గదా, ఇంక మనిషి ఎందుకు? కింద క్లాసుకి కంపెనీ నుంచి ఎవరన్నా గంటసేపు వచ్చిపోతే అయిపాయె. ఈయనని నెలాఖరుకి కంపెనీకి వాపస్ పంపిస్తున్న. అర్బాబ్ గూడ ఖుష్ అయితరు."

బయటికి వచ్చి చూస్తే మా జగిత్యాల తమ్ముడు కింద వంటగది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. విషయం ఆయనకు అప్పటికే తెలుసు. రెండు కప్పుల్లో టీ పోసి, ఒకటి నాకిచ్చాడు.

"కంపెనీకి తిరిగి వెళ్తే ఏమవుతుంది తమ్ముడూ? వేరే బిల్డింగ్ ఇస్తారు కదా?" అన్నాను.

"ఎక్కడిదక్కా? సైట్ మీదికి తోలుతరు. నేను ముందుగాల సైట్ మీదనే ఉంటి. సెంట్రింగ్ పనిల పైకెల్లి పడ్డ. అప్పటిసంది నడుము నాది గాదు. బరువు ఎత్తరాదు, ఎండల నిలవడరాదు. ఈ బిల్డింగుల డ్యూటీ దొరికినంక జర బతికిన. ఇప్పుడు సైట్ మీద చాతగాదంటె, బతాకా రెన్యూ చెయ్యకుంట టికెట్ కొట్టి ఇంటికి తోలుతరు. పిలగాండ్ల చదువు నడుమల ఉన్నది." బతాకా అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు. అది లేకపోతే మనిషి లేనట్టే లెక్క.

కప్పు పక్కన పెట్టి ఆయనే మళ్ళీ అన్నాడు.

"ఆ జపాన్ మేడమ్ మీద నాకు కోపం లేదక్కా. నా సంగతి ఆమెకేమెరుక? గని ఇన్నేండ్లు, నేను చెయ్యకపోతె ఈ పని ఆగుతది అనుకున్న. ఆగలే."

చాలా బాధేసింది. అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియని కోపం చాలా అవస్థ పెడుతుంది.

సాయంత్రం సెన్సెయ్‌ని కారులో ఇంటి దగ్గర దింపుతూ మొత్తం చెప్పాను. ఆమె కిటికీలోంచి చూస్తూ అంతా వింది. తర్వాత, నేను అడగకుండానే, తన చిన్నప్పటి బడి గురించి చెప్పింది. మంచు కురిసే చిన్న ఊరు. బడిలో ఒక పెద్దాయన ఉండేవాడట. దారిలో మంచు ఎత్తేవాడు, పగిలిన కిటికీ అద్దాలు వేసేవాడు, పిల్లలు పారేసుకున్న చేతి తొడుగులు దాచి ఇచ్చేవాడు.

"మేం గదులు ఊడ్చినా ఆయన ఉండేవాడు. పిల్లలు ఊడుస్తున్నారు కాబట్టి ఆయన అక్కర్లేదని ఎవరికీ తోచలేదు. ఇక్కడికి నేను చీపురు ఒక్కటే తీసుకొచ్చాను, ఆయన్ని తీసుకురాలేదు" అంది.

మర్నాడు ఇద్దరం మేనేజర్ దగ్గరికి వెళ్ళాం. క్లాసులో ఊడ్చడం ఈ రోజే ఆపేస్తాం, ఆయన్ని ఉంచండి అని సెన్సెయ్ వంగి మరీ అడిగింది. మేనేజర్ తల పట్టుకున్నాడు. "ఇప్పుడెట్ల మేడమ్? మనిషిని తగ్గిస్తున్న అని అర్బాబ్‌కి చెప్పేసిన. పిల్లలు ఊడుస్తుంటే చూద్దామని ఆయన వస్తున్నరు, మీ పెద్దసారు గూడ వస్తున్నరు. ఇప్పుడు బంద్ జేస్తే నేను ఏం మొఖం చూపియ్యాలె?"

బయటికి వచ్చాక మెట్ల దగ్గర నాకూ సెన్సెయ్‌కీ గొడవైంది. జపాన్ భాషలో గొడవపడటం కష్టం, మర్యాదలు అడ్డం వస్తాయి. అయినా పడ్డాను. ఆ ఒక్క రోజు ఊడ్చి చూపిద్దాం, క్లాసు పొడిగింపు తెచ్చుకుందాం, తర్వాత మానేసి ఆయనకు వేరే చోట పని చూద్దాం అన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

"ఆ రోజు మనం ఊడిస్తే, యజమాని కళ్ళతో చూసేది ఆ మనిషి అక్కర్లేదనే కదా? అంతకంటే గట్టి సాక్ష్యం ఏం కావాలి?"

"మరి క్లాసే పోతే? బహ్లా నుంచి, సమాయిల్ నుంచి వస్తున్న వీళ్ళంతా ఏం కావాలి?" అన్నాను.

"వాళ్ళనే అడుగుదాం" అంది.

ఆ రోజు పాఠం జరగలేదు. కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చున్నాం. సెన్సెయ్ చిన్న చిన్న వాక్యాల్లో ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నేను ఇంగ్లీషులో మళ్ళీ చెప్పాను. కొత్తగా చేరినవాళ్ళకు పక్కవాళ్ళు అరబ్బీలో చెప్పారు. గది ఊడ్చడం వల్ల ఒకాయన పని పోతుందా అని వాళ్ళు నమ్మలేకపోయారు. సమాయిల్ నుంచి వచ్చే అమ్మాయి, "అయితే మనం చేసిన మంచి పని ఇన్నాళ్ళూ తప్పా?" అని అడిగింది. ఒకరు తప్పన్నారు, ఒకరు కాదన్నారు. గొంతులు లేచాయి. అప్పుడు బహ్లా యువకుడు లేచాడు.

"మా ఊళ్ళో ఫలజ్ ఉంది. తోటలకు నీళ్ళు తెచ్చే కాలువ" అన్నాడు. "ఏ తోటకు ఏ పూట నీళ్ళు అన్నది తాతల నాటి వంతు. పక్కవాళ్ళ వంతులో నీళ్ళు మన గట్టు అంచునే పోతుంటాయి. మన చెట్లు ఎండుతున్నా, పార వేసి మన వైపు తిప్పుకోం. చెట్లకు నీళ్ళు పెట్టడం మంచి పనే. కానీ ఆ పూట మనది కాదు."

అధికారి వచ్చిన రోజు ఊడ్చకూడదని అంతా ఒప్పుకున్నారు. ఆ సంగతి అధికారికి తానే జపాన్ భాషలో చెబుతానన్నాడు. క్లాసయ్యాక అతన్ని పక్కకు పిలిచి, "క్లాసు ఆగిపోతే నీ గైడు పని ఏమవుతుందో ఆలోచించావా?" అని అడిగాను.

"వారం వారం అంత దూరం కారు నడిపేది నేనే కదా మేడమ్. నాకు తెలుసు" అన్నాడు.

ఆ రోజు రానే వచ్చింది. అధికారి బూడిద రంగు సూటులో, చేతిలో చిన్న బహుమతుల సంచీతో వచ్చాడు. అర్బాబ్ తలపాగా చుట్టుకుని, చేతికర్రతో నెమ్మదిగా మెట్లెక్కి, ముందు వరుసలో కూర్చున్నాడు. మేనేజర్ పూసుకున్న అత్తరు గది నిండా ఉంది. విద్యార్థులు తమను తాము పరిచయం చేసుకున్నారు, ఒక పాట పాడారు. అధికారి తల ఊపుతూ, ఇక అసలు సంగతి ఎప్పుడా అన్నట్టు మూలనున్న చీపుర్ల వైపు చూస్తున్నాడు.

సెన్సెయ్ లేచి, ఇప్పుడు మా విద్యార్థి ఒకరు మాట్లాడతారని చెప్పి పక్కకు తప్పుకుంది.

బహ్లా యువకుడు ముందుకు వచ్చి వంగి నమస్కరించాడు. "ఈ గది ఊడ్చడం మేం నేర్చుకున్నాం. అది మాకు ఇష్టమైన పాఠం. కానీ ఈ భవనంలో ఆ పని చేసే ఒకాయన ఉన్నాడు. మేం ఊడుస్తున్నాం కాబట్టి ఆయన అక్కర్లేదని అనుకున్నారు. అందువల్ల ఈ రోజు మేం ఊడ్చం. మా కుర్చీలు మేం సర్దుకుంటాం, మేం వేసిన కాగితాలు మేం తీసుకుంటాం. నేల మాత్రం ఆయనది. మమ్మల్ని క్షమించండి."

మళ్ళీ వంగాడు. అధికారి సెన్సెయ్ వైపు చూసి "అలాగా" అన్నాడు. వాళ్ళ భాషలో ఆ ఒక్క మాటకు కోపం దగ్గర్నుంచి మెప్పు దాకా ఏ అర్థమైనా ఉండొచ్చు. ఆయన మొహంలో నాకేమీ దొరకలేదు.

అర్బాబ్ కర్రతో నేల మీద తట్టి, ఏమంటున్నాడు వీడు అని అరబ్బీలో అడిగాడు. యువకుడు అదే మాట అరబ్బీలో చెప్పాడు, ఊడ్చే మనిషి నడుము సంగతి, ఫలజ్ వంతు సంగతి కూడా కలిపి. పెద్దాయన వింటూ వింటూ మేనేజర్ వైపు తిరిగి, "ఎవరా మనిషి? పిలవండి" అన్నాడు.

ఆయన పైకి వచ్చాడు. తడి చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ, గుమ్మంలోనే ఆగిపోయాడు. నా వైపు చూసి పెదవులతోనే "ఏమైందక్కా?" అన్నాడు. తన మీద ఏదో ఫిర్యాదు వచ్చిందనుకున్నాడు పాపం. అర్బాబ్ లేచి నిలబడి సలాం చెప్పి చెయ్యి కలిపాడు. ఎన్నేళ్ళుగా ఇక్కడ ఉన్నావు, నడుముకు ఏమైంది అని అడిగాడు. ఆయన తనకు వచ్చిన కొద్దిపాటి అరబ్బీలో జవాబులు చెప్పాడు. పెద్దాయన మేనేజర్‌తో, ఇతన్ని ఉండనివ్వు అని ఒక్క ముక్క అని కూర్చున్నాడు. తర్వాత కాఫీ, ఖర్జూరాలు వచ్చాయి. ఒమాన్‌లో కాఫీ తిరగడం మొదలైతే ఆ విషయం తేలిపోయినట్టే. మా తమ్ముడికి కూడా ఒక కప్పు ఇచ్చారు. గోడకు ఆనుకుని నిలబడే తాగాడు.

"తీసేస్తనని నేనెప్పుడన్న మేడమ్? ఉట్టిగ ఆలోచన జేసిన, అంతే" అన్నాడు మేనేజర్ నా చెవిలో. ఆయన మొహంలో కూడా బరువు దిగినట్టే కనబడింది. నేను నవ్వి ఊరుకున్నాను.

పొడిగింపు రాలేదు. ఆ రోజు జరిగినదాని వల్ల అని ఎవరూ అనలేదు. వచ్చే ఏడాది నుంచి ప్రాధాన్యాలు వేరు అని మాత్రం చెప్పారు. అధికారి వెళ్తూ సెన్సెయ్‌తో చాలా మర్యాదగానే మాట్లాడాడు. నిజంగా ఏమైందో నాకు ఈ రోజుకీ తెలియదు. నన్ను మస్కట్ ఆఫీసులో పుస్తకాలు చూసుకునే పనిలోకి మార్చారు. బహ్లా యువకుడికి కొన్నాళ్ళు ఫోన్‌లో పాఠాలు చెప్పాను, కానీ గది ఉన్నప్పటి ఊపు రాలేదు. ఇప్పుడు యాత్రికులను తిప్పుతున్నాడు, ఎక్కువగా ఇంగ్లీషులో. జపాన్ వాళ్ళు వస్తే వచ్చినంత మాట్లాడతానంటాడు. అతనికి రావలసినంత మేం ఇవ్వలేకపోయాం. ఆ వెలితి నాకుంది.

క్లాసు మూతపడుతుందని తెలిసిన రోజు మా తమ్ముడు వంటగదిలో నా ముందు తల వంచుకుని నిలబడ్డాడు. "నా కొలువు నిలవడ్డది గని వాళ్ళ చదువు వాయెనక్కా. గిట్లయితదని ఎరుకుంటె నేను నోరిప్పకపోదును."

"నోరిప్పకపోతే ఈపాటికి సైట్ మీద ఉండేవాడివి" అన్నాను చిరాగ్గా.

"ఉండేటోన్నే" అన్నాడు.

చివరి క్లాసు రోజున విద్యార్థులు కేకు తెచ్చారు. ఏడ్చినవాళ్ళు ఏడ్చారు, ఫొటోలు తీసుకున్నవాళ్ళు తీసుకున్నారు. తమ పళ్ళేలు, కాగితాలు ఏరుకుని, కుర్చీలు సర్ది వెళ్ళిపోయారు. గదిలో సెన్సెయ్, నేను మిగిలాం. నేలంతా చెప్పుల ఇసుక, కేకు పొడి. ఆయన తన బకెట్‌తో వచ్చి గుమ్మం బయట ఆగాడు, మేం వెళ్ళాక మొదలుపెడదామని.

సెన్సెయ్ గది నాలుగు మూలలా చూసి నా దగ్గరికి వచ్చింది. "మా దగ్గర ఒక చోటు వదిలి వెళ్ళేటప్పుడు చివరిసారి దాన్ని శుభ్రం చేసి వెళ్తాం. ఈ ఒక్కసారి నేను ఊడ్చవచ్చా అని ఆయన్ని అడగండి. ఆయన సరేనంటేనే."

నేను తెలుగులో చెప్పాను. ఎవరైనా సరే అనేస్తారనే అనుకున్నాను. దేశం విడిచి వెళ్ళిపోతున్న మనిషి, అంత మర్యాదగా అడిగితే కాదనడం ఎలా? ఆయన ఆలోచించాడు. సెన్సెయ్ వైపు, గది వైపు, మళ్ళీ సెన్సెయ్ వైపు చూశాడు.

"ఒద్దక్కా" అన్నాడు. "ఏమనుకోవద్దని చెప్పు. గని ఒద్దు. ఇది నా డ్యూటీ."

ఆయన ఒక మేడమ్‌కి వద్దని చెప్పడం నేను చూడటం అదే మొదలు. నేను ఆ మాట జపాన్ భాషలోకి మార్చకముందే సెన్సెయ్‌కి అర్థమైంది. ఆ పెద్ద అధికారి ముందు కూడా వంగనంతగా ఆయన ముందు వంగింది. ఆయన గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు.

సంచీ భుజాన వేసుకుని బయలుదేరాం. గుమ్మం దగ్గర ఒక కేకు ముక్క పడి ఉంది. అలవాటు కొద్దీ సెన్సెయ్ వంగింది, చెయ్యి సగం దాకా వెళ్ళి ఆగింది. అది అక్కడ ఉండగానే దాని పక్కనుంచి దాటుకుని, వెనక్కి చూడకుండా నా వెంట మెట్లు దిగింది.